పాత పెంకుటిల్లు, 84 ఏళ్ళ అమ్మ: ఏ పని ముందు, ఏ పని తర్వాత

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో మండువా లోగిలి. తాతగారు కట్టించింది. బెంగుళూరు పెంకు, టేకు దూలాలు, రెండడుగుల మందం గోడలు, నడిమధ్య ఆకాశం. నేను రిటైరై ఇక్కడికి వచ్చేనాటికి అమ్మకు 79. ఇప్పుడు 84. ఈ ఐదేళ్ళలో ఇంటికి చేయించిన పనుల్లో సగం సరిగ్గా కుదిరాయి, కొన్ని రెండోసారి చేయించాను, కొన్ని అసలు ముట్టుకోకుండా ఉండాల్సింది. మీరూ ఇలాంటి ఇంట్లో అమ్మనో నాన్ననో చూసుకుంటూ ఉంటే నా తప్పులు మీకు పనికొస్తాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఊళ్ళో వాళ్ళు "అమ్మను దగ్గర పెట్టుకుని చూసుకుంటోంది" అంటారు. అమ్మ మాత్రం ఎవరొచ్చినా "మా అమ్మాయి వచ్చి మా ఇంట్లో ఉంటోంది" అంటుంది. అమ్మ చెప్పేదే నిజం. ఇల్లు తనది, అతిథిని నేను. మేస్త్రిని పిలిచే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకుంటే చాలా గొడవలు తప్పుతాయి.

ముందు మేస్త్రిని కాదు, కాగితం తీసుకోండి

ఒక రోజంతా ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని, అమ్మ ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తోందో రాయండి. మా అమ్మ దారి ఇది: మంచం, పెరట్లో బాత్రూమ్, తులసికోట, వంటింటి గుమ్మం దగ్గర పీట, మధ్యాహ్నం మండువాలో వాలుకుర్చీ, సాయంత్రం వీధి అరుగు. ఈ దారిలో నాలుగు గడపలు, మూడు చోట్ల మెట్లు. రాత్రి మూడుసార్లు లేస్తుంది. ఇల్లంతా పద్నాలుగు గదులున్నా అమ్మకు కావాల్సింది ఈ ఒక్క దారే. డబ్బూ ఓపికా ముందు ఇక్కడ పెట్టండి. మేడ మీద గది గోడ పెచ్చులూడితే వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నడిచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తోందో కూడా చూడండి. మా నడవలో గోడకు ఒకచోట, నేల నుంచి మూడడుగుల ఎత్తున, అరచేతి వెడల్పున నల్లటి మరక ఉండేది. సంక్రాంతికి సున్నం వేయించినప్పుడల్లా పోయేది, ఉగాదికి మళ్ళీ వచ్చేది. పనమ్మాయి పిల్లల పనేమో అనుకుని చాలాసార్లు కసురుకున్నాను. తీరా చూస్తే అది అమ్మ చెయ్యి. అక్కడ వంపు తిరగడానికి గోడను ఆనుకుంటోంది. పట్టుకునే కడ్డీ ఎక్కడ పెట్టాలో ఏ ఇంజనీరూ అంత కచ్చితంగా చెప్పలేడు. మీ ఇంట్లో కూడా గోడల మీద, ద్వారబంధాల మీద, బీరువా అంచు మీద అలాంటి మరకలు వెతకండి. తుడిచేయకండి. పక్కన సుద్దతో గుర్తు పెట్టండి.

గడపలు

మా వీధి గుమ్మం గడప అయిదంగుళాలు. గడప తొక్కకూడదని మనకు చిన్నప్పుడే నేర్పుతారు కదా, అందుకని పెద్దవాళ్ళు కాలు తగలకుండా మోకాలు బాగా ఎత్తి దాటుతారు. ఆ క్షణం ఒంటికాలి మీదే ఉంటారు. తూలేది అక్కడే.

వడ్రంగి వచ్చి చూసి "కోసేద్దాం అమ్మగారూ, గంటలో పని" అన్నాడు. వాలుకుర్చీలోంచి అమ్మ వింది.

"గడప కోయిస్తావుటే? మీ నాయనమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసిన గడప. నేను పడితే పడతాను గానీ దాని జోలికి వెళ్ళకు."

గడప మీద గెలవాలని చూడకండి. మేం చేసింది ఇది. లోపలి మూడు గడపలూ రెండేసి అంగుళాలే కనక వాటికి అటూ ఇటూ వాలుగా చెక్క దిమ్మలు చేయించి నేలకు బిగించాం. లెక్క ఏమిటంటే, ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు వాలు ఉండాలి. రెండంగుళాల గడపకు రెండడుగులు. రేపు వీల్‌చెయిర్ వచ్చినా ఎక్కుతుంది. వీధి గడపకు అదే లెక్కన చేస్తే లోపల అయిదడుగులు, బయట అయిదడుగులు కావాలి, అంత చోటు లేదు. అందుకని దానికి రెండు వైపులా గడపలో సగం ఎత్తున, అడుగున్నర వెడల్పున పీటలాంటి మెట్టు కట్టించాం. పెద్ద ఎత్తు ఒకటి కాస్తా చిన్న ఎత్తులు రెండయ్యాయి. ద్వారబంధానికి రెండు పక్కలా నిలువుగా పట్టుకునే పిడులు పెట్టించాం. గడప గడపలాగే ఉంది.

పసుపు రాయడం మాత్రం మానకండి. రంగు వేయించినా పసుపు రంగే వేయించండి, ఎర్ర బొట్లతో సహా. కంటిచూపు మందగించిన వాళ్ళకు మసక వెలుతురులో ముందుగా కనబడేది ఆ పసుపు పట్టే. గుమ్మం ముందు వేసే గోనెపట్టా, కాళ్ళు తుడుచుకునే పాత చీర ముక్క మాత్రం ఈరోజే తీసేయండి. గడప దాటిన కాలు సరిగ్గా వాటి మీదే పడి జారుతుంది.

వీధి అరుగు మెట్లు కూడా చూడండి. పాత మెట్లు ఒక్కొక్కటి తొమ్మిదంగుళాలు ఉంటాయి, ఒకటి ఉన్న ఎత్తు ఇంకోటి ఉండదు. మధ్యలో మెట్టు చేర్చి ఆరంగుళాలకు తేవచ్చు. పక్కన ఇనప పైపు కట్టించాక వైశాఖంలో తెలిసింది, మధ్యాహ్నం దాన్ని పట్టుకుంటే చెయ్యి కాలుతోందని. కొబ్బరితాడు దగ్గర దగ్గరగా చుట్టించాం. ఇప్పుడు కాలదు, వానలో జారదు కూడా.

బాత్రూమ్: అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా కష్టం

మా బాత్రూమ్ పెరటి చివర ఉండేది. అమ్మ గది నుంచి నలభై అడుగులు, అందులో సగం ఆరుబయట. ఆ గది పక్క వసారా మూల కొత్తది కట్టిద్దామంటే వాస్తు చర్చలకే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టాను. అమ్మ దాన్ని చూసిన చూపు చెప్పలేను. పగలు ముట్టుకోలేదు, రాత్రిపూట మాత్రం ఒప్పుకుంది. మీకు కట్టించే వీలు లేకపోతే అదే దారి. మందుల షాపులవాళ్ళు తెప్పించి ఇస్తారు.

కట్టిస్తే ఇవి గుర్తుపెట్టుకోండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపయితే, లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమై మనం వెళ్ళలేం. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. గుమ్మం 32 అంగుళాలకు తగ్గకూడదు. నేల టైల్స్ గరుకువి వేయించండి. నీళ్ళు పోయే వాలు కమోడ్ వైపు కాకుండా అవతలి మూలకు ఉండాలి. కమోడ్ ఎత్తు 18 అంగుళాల దాకా ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవగలరు. స్నానానికి పల్చటి ప్లాస్టిక్ కుర్చీ వేయకండి, తడి నేల మీద దాని కాళ్ళు విడిపోతాయి. కాళ్ళకు రబ్బరు తొడుగులున్న గట్టి స్టూలు కావాలి.

కడ్డీల దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ప్లంబర్ వచ్చి గోడకు డ్రిల్ వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి, స్టీల్ కడ్డీ బిగించి వెళ్ళాడు. మెరిసిపోతోంది. వారం తర్వాత ఎందుకో అనుమానం వచ్చి గట్టిగా లాగితే, కడ్డీతో పాటు పిడికెడు సున్నం ఊడి చేతికొచ్చింది. పాత గోడల్లో ఇటుకల మధ్య ఉండేది సిమెంటు కాదు, సున్నం. స్క్రూ దాంట్లో నిలబడదు. రెండు దారులున్నాయి. గోడ అవతలి వైపు దాకా బోల్టు దూర్చి, అవతల ఇనప ప్లేటు పెట్టి నట్టు బిగించడం ఒకటి. గోడతో పని లేకుండా నేలలో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టడం రెండోది. ఏది చేయించినా మేస్త్రి వెళ్ళకముందే మీ బరువంతా వేసి వేలాడి చూడండి. అతను నవ్వినా సరే. తువ్వాలు స్టాండు కూడా అంత గట్టిగా ఉండాలి, లేదా ఉండకూడదు. తూలినప్పుడు చెయ్యి దేన్ని పట్టుకుంటుందో మన చేతిలో లేదు.

కరెంటు

పాత ఇళ్ళలో చెక్క పట్టీల మీద లాగిన వైర్లు ఇంకా ఉంటాయి. చాలా వాటికి ఎర్తింగ్ ఉండదు. తడి గోడ, గీజరు, ముసలి చెయ్యి, ఈ మూడూ ఒకచోట చేరతాయి కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. కొత్తగా ఎర్త్ గొయ్యి తీయించండి, మెయిన్ దగ్గర ఆర్‌సిసిబి పెట్టించండి. కరెంటు లీకయితే దానంతట అదే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చు అది. 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 ఉన్నవి దొరుకుతాయి గానీ అవి మనిషికి షాక్ కొడితే కాపాడడానికి కాదు. దాని మీద టి అని రాసిన బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి, టక్కున పడాలి.

ఇప్పుడు నా తప్పు. కొత్త వైరింగ్ కదా అని నడవలో స్విచ్చును "వీలుగా" ఎడమ పక్కకు మార్పించాను. అమ్మ అరవై ఏళ్ళుగా చీకట్లో కుడి చేత్తో ఆ గుండ్రటి నల్ల స్విచ్చును తడుముకుని వేస్తోంది. మార్చిన మూడో రాత్రి ఖాళీ గోడను తడుముతూ తడుముతూ ముందుకెళ్ళి బియ్యం డ్రమ్ముకు కాలు కొట్టుకుంది. కాలి వేలు చిట్లి నెల రోజులు మానలేదు. అప్పటి నుంచి నాది ఒకటే లెక్క: వైరు మార్చు, స్విచ్చు మార్చు, చోటు మార్చకు. మంచం దిక్కు, కుర్చీ ఉండే చోటు, మంచినీళ్ళ బిందె, దేవుడి గది గొళ్ళెం కూడా అంతే. కళ్ళకు కనపడనివి కూడా ఆ చేతులకు తెలుసు.

మంచం నుంచి బాత్రూమ్ దాకా, మనిషి కదలగానే వెలిగే చిన్న సెన్సార్ లైట్లు నేలకు అడుగు ఎత్తున పెట్టండి. కరెంటు పోయినప్పుడు కూడా అవి వెలిగేలా ఇన్వర్టర్‌కు కలపండి. దూరం నుంచి మోగే వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొని, నొక్కేది అమ్మ మంచానికి కట్టి, మోగేది మీ తలగడ దగ్గర పెట్టుకోండి. రెండడుగుల గోడల ఇంట్లో పిలుపు పక్క గదికి వినబడదు.

మంచం, కుర్చీ

నవారు సాగిపోయిన పట్టెమంచం మీంచి లేవడం గోతిలోంచి లేచినట్టే. నవారు బిగించి నేయించండి, లేదా బల్ల వేయించి గట్టి పరుపు వేయండి. కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, అదే సరైన ఎత్తు. పందిరిమంచం ఎత్తయితే కాళ్ళు కోయించేయొచ్చు, దానికి ఏ పట్టింపూ లేదు. వాలుకుర్చీ నడ్డికి హాయే గానీ లేవడం కష్టం, పక్కన గట్టి బల్ల ఒకటి వేసి పెట్టండి. పెంకుటింట్లో పైనుంచి తేళ్ళూ జెర్రులూ పడతాయి కనక దోమతెర ఏడాది పొడుగునా కట్టే ఉంచాలి. అంచు మాత్రం కాలికి చుట్టుకోకుండా పరుపు కిందికి దోపండి.

కప్పు

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆలోపు పెంకు సర్దించడం అయిపోవాలి. మేస్త్రికి ఏప్రిల్‌లోనే చెప్పుకోండి. మే నెలలో ఊళ్ళో ప్రతి ఇంటి మీదా ఆ నలుగురే ఉంటారు, రోహిణి కార్తె వచ్చిందంటే ఎండకు వాళ్ళూ పది దాటాక పైకి ఎక్కరు.

ఎక్కడ కారుతోందో మీరే కనిపెట్టొచ్చు. ఎండ బాగా కాసే మిట్టమధ్యాహ్నం గది తలుపులూ కిటికీలూ మూసేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి పైకి చూడండి. పగిలిన పెంకు, జరిగిన పెంకు ఉన్నచోట చుక్కల్లా వెలుతురు కనిపిస్తుంది. వాన పడేటప్పుడు ఇంకోసారి చూడండి. నీళ్ళు నేల మీద పడ్డచోటుకు నేరుగా పైన చిల్లు ఉండదు. వాసం వెంట నాలుగడుగులు పాకి వచ్చి పడతాయి. తడి వాసం వెంట పైకి చూస్తూ వెళ్ళి, తడి మొదలైన చోట సుద్దగీత గీయండి. మేస్త్రికి అది చూపిస్తే చాలు, కప్పంతా విప్పనక్కర్లేదు. ముందు అమ్మ నడిచే దారి మీది కప్పు, తర్వాత మిగతాది.

పైకి ఎక్కేవాళ్ళు పెంకుల మీద నేరుగా నడవకుండా నిచ్చెన పడుకోబెట్టి దాని మీద నడవాలి. లేకపోతే పది బాగుచేసి పదిహేను పగలగొడతారు. మండువాలో నాలుగు కప్పులూ కలిసే మూలల్లో ఉండే రేకును తప్పకుండా చూపించుకోండి. తుప్పు పట్టి చిల్లులు పడేది అదే, నీళ్ళన్నీ చేరేదీ అక్కడే. కొబ్బరి మట్టలు రాలకముందే కొట్టించండి. కోతుల సంగతి మాత్రం నన్ను అడగకండి. ఒక మధ్యాహ్నం పూట పది కోతులు మా చూరు మీద పెళ్ళి చేసుకుని వెళ్ళాయి, ముప్పై ఒక్క పెంకులు పోయాయి.

వినాయక చవితి అయ్యాక, తుఫానుల కాలం రాకముందు, మధ్యాహ్నం చీకటి గది పరీక్ష మళ్ళీ ఒకసారి చేయండి. పెంకుల కింద ఫాల్ సీలింగ్ వేయించమని చాలామంది చెబుతారు. నేనయితే వద్దంటాను. కారేది కనపడదు, చెదలు కనపడవు, ఎలుకలకు మాత్రం కొత్త ఇల్లు.

మండువా నేలకు వానాకాలం పాచి పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి, గంటాగి, వైరు బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం దాంతో కలపకండి, విషవాయువు వస్తుంది. తూము దగ్గర ఆకులు రోజూ తీయాలి. పాచి పోయినా వానరోజుల్లో అమ్మ వాలుకుర్చీని పంచలోకి జరపక తప్పదు, చోటు మార్చొద్దన్న నా నియమానికి అదొక్కటే మినహాయింపు.

చెక్క, గోడ

దూలం మధ్యలో బాగానే ఉంటుంది, గోడలోకి దిగిన చోట పుచ్చుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆలస్యం చేయకండి, ఆ దూలం కింద ఎవరూ పడుకోకూడదు. ద్వారబంధాలను వేలి కణుపుతో కొట్టి వినండి, డొల్లగా మోగితే లోపల చెదలు. మందు కొట్టించేటప్పుడు, వాసన పోయేదాకా అమ్మను ఇంట్లో ఉంచకండి. మేం రెండు రాత్రులు పక్కింటి పిన్నిగారింట్లో పడుకోబెట్టాం.

గోడ కింది భాగంలో చెమ్మ లేచి ఉప్పు పొంగుతుంటే సిమెంటు ప్లాస్టరింగ్ చేయించమంటారు మేస్త్రులు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు, ఇంకా పైకెక్కి ఇంకో చోట పొంగుతుంది. మా సావిడి గోడకు అలా చేయించి, రెండేళ్ళకు మళ్ళీ చెక్కించి సున్నమే పూయించాం. సున్నం పని తెలిసిన మేస్త్రులు తక్కువ, వెతకాలి. అంతకన్నా ముందు గోడ పక్కన నీళ్ళు నిలుస్తున్నాయేమో చూడండి, చాలాసార్లు చూరు నీళ్ళ కాలువ పూడిపోయి ఉండడమే కారణం. వెల్ల వేయించేటప్పుడు సున్నంలో కాస్త బంక కలిపితే ఒంటికి అంటదు. రంగు ఏదని అమ్మను అడగండి. అడిగితే తెలుపే అంటుంది, అయినా అడగండి.

పని జరిగే రోజులు

"పని అయ్యేదాకా అమ్మను హైదరాబాద్ పంపించు" అన్నాడు అన్నయ్య. పంపించాను. తొమ్మిదో అంతస్తులో పది రోజులున్నాక రాత్రిపూట లేచి "మండువా ఎటు?" అని అడగడం మొదలుపెట్టింది. తీసుకొచ్చేశాం. కాబట్టి ఒక్కో గదీ తీసుకుని చేయించండి. దుమ్ము లేచే పని పది నుంచి నాలుగు మధ్య పెట్టుకోండి, అమ్మ గదికి తడి దుప్పటి కట్టండి. సాయంత్రం పనిముట్లన్నీ దారిలోంచి తీయించాకే మేస్త్రికి కూలి ఇవ్వండి. పని ఏం జరుగుతోందో రోజూ పొద్దున్నే అమ్మకు చెప్పండి. మా అమ్మ మేస్త్రి ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేది. "అబ్బాయ్, ఆ ఇటుక తడపకుండా పెడుతున్నావేం?" అని అడిగేది. అతనికి చిరాకే, కానీ ఇటుకలు తడిసేవి.

డబ్బు, కాగితాలు

రెండు నోటు పుస్తకాలు పెట్టండి. ఒకటి ఇంటి ఖర్చు, ఒకటి అమ్మ ఖర్చు. ఎప్పుడూ కలపకండి. పెంకులు, దూలం, వైరింగ్ ఇంటివి, అంటే రేపు వాటాలున్న అందరివీ. మందులు, పనమ్మాయి జీతం, కమోడ్ కుర్చీ అమ్మవి, వాటిని ఎలా పంచుకోవాలన్నది వేరే మాట. రెండూ ఒకే లెక్కలో రాస్తే "ఇంటి కోసం ఖర్చుపెట్టి అమ్మ పేరు చెబుతోంది" అని ఒకరంటారు, మనకు కడుపు మండుతుంది. నెలకోసారి ఆ పేజీల ఫొటోలు తీసి అన్నదమ్ముల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. డబ్బు అడగడానికి కాదు, తెలియడానికి. మా తమ్ముడు డల్లాస్ నుంచి తనంతట తానే ఇంటి పుస్తకంలో సగం భరించడం మొదలుపెట్టింది ఆ ఫొటోలు చూశాకే.

ఇల్లు ఎవరి పేరున ఉందో, పన్ను రసీదు ఎవరి పేరున వస్తోందో అమ్మకు జ్ఞాపకం బాగున్నప్పుడే చూసుకోండి. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. దగ్గరుండి చూసుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోదు, దూరంగా ఉన్నంత మాత్రాన వాళ్ళది కాకుండా పోదు. అమ్మ పేరునే ఉంటే, తను వీలునామా రాయాలనుకుంటే ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే. గిఫ్టు డీడు రాయించమని మాత్రం తొందరపెట్టకండి. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు, ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. ఆ నంబరు అమ్మ ఫోన్లో మీరే వేసిపెట్టండి. మీ మీద ఫిర్యాదుకైనా సరే, ఉండనివ్వండి.

ఇంటి తాళాలు ఒక జత పక్కింట్లో ఉంచండి. పాత పెంకులు, వంద దాకా, పెరట్లో గోడకు ఆనించి దాచండి. ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నా వెళ్ళి అడిగి తెచ్చుకోండి, ఇప్పుడు చేసే పెంకు పాతదాని గాడికి కూర్చోదు. కోతుల తర్వాత మా దగ్గర అరవై రెండు మిగిలాయి.